లైటు వెనక ఓదెలు

పెళ్లి ఆల్బమ్ ఏది తెరిచినా అందరూ ఉంటారు. పెళ్లికూతురి మేనత్తగారి తోడికోడలు లడ్డూ కొరుకుతూ ఉంటుంది. ఎవరి తాలూకో తెలియని మీసాలాయన ప్రతి గ్రూప్ ఫోటోలోనూ ముందు వరసలో నిలబడి ఉంటాడు. పురోహితుడిగారి ప్లాస్టిక్ సంచీ సరేసరి, ఎంత జరిపినా మళ్లీ ఫ్రేములోకి వచ్చి కూర్చుంటుంది. నేను తీసిన ఆల్బముల్లో ఓదెలు మాత్రం కనిపించడు. ఆ మొహాలన్నిటి మీదా పడ్డ వెలుతురు అతను పట్టుకున్నదే.

పంజగుట్ట ఫ్లైఓవర్‌కి ఇవతల ఒక సందులో, మేడ మీద, నాకో చిన్న ఫోటో స్టూడియో ఉంది. పోర్ట్రెయిట్లు తీస్తాను, పెళ్లిళ్లు ఒప్పుకుంటాను. నా పేరు సుమశ్రీ, మాది తణుకు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మావాళ్లు అంటారు. ఒక్క ముహూర్తం వేళ కెమెరా పట్టుకుని మండపం మీద నిలబడి చూస్తే వాళ్ల కోపం ఎక్కడుంటుందో తెలుస్తుంది. ఓదెలు నా లైట్‌మన్. నాకంటే పెద్దవాడు కాబట్టి మొదట్నుంచీ ఓదెలుగారూ అనే పిలిచాను. కొత్తలో అలా పిలిస్తే ఎవర్నో అనుకుని వెనక్కి తిరిగి చూసేవాడు.

అతనిది పెద్దపల్లి వైపు. సనత్‌నగర్లో ఏదో ఫ్యాక్టరీలో పనికని వచ్చి, అది దొరక్క, టెంట్ హౌస్‌లో కుర్చీలు మోసి, అక్కణ్నుంచి వీడియోవాళ్ల లైటు పట్టుకోవడంలోకి దిగాడు. యూసుఫ్‌గూడలో రెండు గదుల అద్దె ఇల్లు. భార్య సీతాబాయి అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. మానస ఒక్కతే కూతురు.

ఓదెలు ఈ పనిలోకి వచ్చేనాటికి వీడియో లైటంటే హాలోజనే. చేతులు లాగేసే బరువు, పొయ్యి దగ్గర నిలబడ్డంత వేడి, దాని వెనక హాలంతా పాకే వైరు. అది వెలిగిస్తే పెళ్లికూతురి కల్యాణ తిలకం కారేది, పెళ్లికొడుకు బాసికం కింద చెమటలు పోసేవి, చివరికి హాల్లో ఫ్యూజు ఎగిరిపోయేది. ఫ్యూజు పోతే వంటవాళ్ల నుంచి వియ్యంకుల దాకా అందరూ ఓదెలునే తిట్టేవారు. ఇప్పుడన్నీ బ్యాటరీతో వెలిగే ఎల్ఈడీలు. ప్యానల్ లైటు పుస్తకమంత ఉంటుంది, ట్యూబు లైటు చేతికర్రంత ఉంటుంది, రెండూ ఒకే సంచిలో పడతాయి. మొదటిసారి వాటిని కొని చేతికిస్తే ఓదెలు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది లైటా మేడం? టిఫిన్ డబ్బ తీర్గ ఉన్నది."

"వెలిగించి చూడండి ముందు."

వెలిగించాడు. నేరుగా నా మొహం మీదికి తిప్పాడు. నేను కళ్లు మూసుకుని తిడుతుంటే, అరచెయ్యి దాని మీద ఆనించి కాలడం లేదని రూఢి చేసుకున్నాడు. "ఇన్నొద్దులు ఏడికి వోయిందో ఇది" అని గొణిగాడు. ఆ తర్వాత ఆ సంచిని ఎవరినీ ముట్టనివ్వలేదు. నన్ను కూడా.

చాలామంది ఫోటోగ్రాఫర్లు ఫ్లాష్ వాడతారు. నాకు ఇలా వెలుగుతూనే ఉండే లైటే ఇష్టం. ఫ్లాష్ మెరిసి మాయమైపోతుంది, నీడ ఎక్కడ పడిందో ఫోటో చూశాకగానీ తెలియదు. ఇదైతే ముక్కు కింద నీడ, నుదుటి మీద మెరుపు, అన్నీ ముందే కళ్లకు కడతాయి. వాటిని సర్దడం ఓదెలు పని. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల కుర్రాళ్లు ఉద్యోగాల కోసం ఫోటో దిగడానికి మా స్టూడియోకి వస్తుంటారు. వాళ్లు కుర్చీలో కూర్చోగానే బిగుసుకుపోతారు. "నవ్వు తమ్మీ, నౌకరి వచ్చినట్టు నవ్వు" అంటాడు ఓదెలు. నవ్వాక, "గంత పెద్ద నౌకరి గాదు, జర తక్కువ" అంటాడు. అప్పుడు వాళ్లు నిజంగా నవ్వుతారు, నేను నొక్కేస్తాను.

పెళ్లిళ్లలో అతని సాయం ఇంకో రకం. జీలకర్రా బెల్లం వేళకి మండపం మీద జనం ఈగల్లా ముసురుతారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఫోను. "జరగండి బాబూ, జరగండమ్మా" అని నేను గొంతు చించుకున్నా ఒక్కరూ కదలరు. ఓదెలు ఎవర్నీ ఏమీ అనడు. లైటుని మెల్లగా వాళ్ల కళ్లలోకి తిప్పుతాడు. వాళ్లంతట వాళ్లే రెండుగా చీలిపోతారు, నేను మధ్యలో దూరిపోతాను. ఆడమనిషికి పెళ్లి కాంట్రాక్టు ఇవ్వడానికి జనం నసిగే రోజుల్లో నేను నిలదొక్కుకున్నానంటే అందులో ఆ లైటు వాటా చాలా ఉంది.

ఇలా రోజులు దొర్లిపోతుండగా మానసకి పెళ్లి కుదిరింది. ఆ పిల్ల అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్ రిసెప్షన్లో కూర్చుని, ఏ కోర్సు చేస్తే జీవితం ఎలా మారిపోతుందో వచ్చినవాళ్లకి చెబుతుంటుంది. పెళ్లికొడుకు విక్రమ్ సనత్‌నగర్లో ఒక వర్క్‌షాపులో సూపర్‌వైజరు. పెళ్లికి ముందు ఇద్దరికీ ఫోటో షూట్ కావాలంది మానస. ఇప్పుడు అది లేకపోతే పెళ్లి కుదిరినట్టే లెక్క కాదు కదా. అది నా కానుక అన్నాను. లైటుకి వేరే మనిషిని పిలుస్తానంటే ఓదెలు ఒప్పుకోలేదు.

"నా బిడ్డ మొకం మీద లైటు ఇంకొకలు పట్టుడేంది మేడం?"

పట్టాడు. అంత కష్టమైన షూట్ నేను మళ్లీ చెయ్యలేదు. చెరువు గట్టు మీద సాయంత్రపు ఎండ బ్రహ్మాండంగా ఉంది. "విక్రమ్, చెయ్యి అమ్మాయి భుజం మీద వెయ్యి బాబూ" అంటాను. విక్రమ్ మామగారి వైపు చూస్తాడు. మామగారు లైటు వైపు చూస్తాడు. చెయ్యి గాల్లోనే ఆగిపోతుంది. దగ్గరికి జరగమంటే, మధ్యలో ఇంకో మనిషి హాయిగా నిలబడేంత చోటు వదిలి, జరిగాం కదా అంటారు. చివరికి ఓదెలే విసుక్కున్నాడు.

"జర దగ్గరికి జరుగు అల్లుడా, ఇద్దరి మీద లైటు పడ్తలేదు."

తీరా ఆ మాట అనేశాక తనే సిగ్గుపడిపోయాడు. షూట్ అయ్యేదాకా లైటు పట్టుకుని, మెడ తిప్పేసి, ఆకాశంలో కొంగల్ని చూస్తూ నిలబడ్డాడు.

ఆ ఫోటోలు చూసుకోవడానికి మానస, సీతాబాయి స్టూడియోకి వచ్చారు. ఓదెలు ఓ మూల కూర్చుని బ్యాటరీలు చార్జింగ్‌కి పెడుతున్నాడు. అన్నీ చూడటం అయ్యాక మానస తండ్రి వైపు తిరిగింది.

"డాడీ, పెళ్లినాడు నువ్వు లైటు ముట్టద్దు."

"మరెవలు వడ్తరు?"

"ఎవరన్న పట్టని. చిన్నప్పుడు నన్ను ఫంక్షన్లకు తీస్కపోతుంటివి, యాదికున్నదా? కుర్చీల కూసోపెట్టి నువ్వు స్టేజీ ఎక్కుతుంటివి. నీ కోసం చూస్తే లైటే కనపడుతుండె, నువ్వు కనపడకపోతుంటివి. కండ్లు మండేదాంక చూస్తుంటి." ఆ పిల్ల కుర్చీని తండ్రి వైపు జరుపుకుంది. "నా పెళ్లిల గట్ల కావద్దు. తెర దించంగనే ఫస్ట్ నిన్ను చూడాలె నేను."

జీలకర్రా బెల్లం పెట్టే ముహూర్తం దాకా వధూవరులు ఒకరినొకరు చూసుకోకుండా మధ్యలో పట్టే గుడ్డ గురించి ఆ పిల్ల చెబుతోంది.

"ఫస్ట్ పెండ్లిపిలగాన్ని సూడాలె బిడ్డా" అన్నాడు ఓదెలు.

"ఆయన్ను బతుకంత చూస్త."

సీతాబాయి, "ఒట్టు పెట్టు" అంది మొగుడితో. తర్వాత నా వైపు తిరిగి, "మా లగ్గంల సుత గీయన ఫోటో తీసేటాయినకు లైటు ఎట్ల పట్టాల్నో సెప్పుకుంట కూసున్నడు మేడం. నా దిక్కు సూడనే లేదు" అంది. ఆ కోపం ఆవిడకి ఇన్నేళ్లయినా చల్లారలేదని ఆ రోజే తెలిసింది నాకు.

ఓదెలు కూతురి నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. లైటుకి సురేందర్‌ని పిలిచాను. మంచివాడే, కాకపోతే రీల్స్ చూసి లైటింగ్ నేర్చుకున్నాడు. మనిషి ఎవరైనా సరే, వెనక లైటు పెట్టి జుట్టు చుట్టూ మెరుపు రప్పించాలంటాడు. అప్పుడే సినిమాలా ఉంటుందట.

అమీర్‌పేటలో మెట్రో స్టేషన్ వెనక వీధిలో ఫంక్షన్ హాలు, పొద్దుటి ముహూర్తం. ఓదెలు తెల్ల పంచె కట్టుకుని, పట్టు కండువా వేసుకుని పీట మీద కూర్చుంటే నేను గుర్తుపట్టలేదు. కన్యాదానానికి అతని కండువా, సీతాబాయి కొంగు కలిపి ముడి వేశారు. నేను కెమెరా ఎత్తాను. ఓదెలు కళ్లు మూసుకున్నాడు. ఇన్నేళ్లూ లైటు వెనకే నిలబడ్డవాడు, దాని ఎదురుగా కూర్చోవడం ఇదే మొదలు.

"లైటు వైపు చూడకండి ఓదెలుగారూ, నా వైపు చూడండి."

"ఎరుకే మేడం" అన్నాడు, మళ్లీ మూసుకున్నాడు.

కళ్లు తెరిచినప్పుడేమో చూపు సురేందర్ మీద ఉంటోంది. గడ్డంతో పైకి అంటాడు, కండువా చాటున వేలితో పక్కకి అంటాడు. అల్లుడి కాళ్లు కడిగేటప్పుడు చెంబు ఇక్కడ, చూపు లైటు మీద. నీళ్లు పళ్లెం దాటి పురోహితుడి పంచె మీద పడ్డాయి. సీతాబాయి మోచేత్తో పొడిచింది. నాకు ఒక పక్క నవ్వు, ఒక పక్క ఒళ్లు మంట.

మేనమామ పెళ్లికూతుర్ని బుట్టలో తెచ్చి కూర్చోబెట్టాడు. తెర పట్టారు. సురేందర్ ట్యూబు లైటు పట్టుకుని మానస వెనక్కి చేరాడు. జడ చుట్టూ వెలుగు అంచు కట్టింది, కెమెరాలో అద్భుతంగా ఉంది. అప్పుడే అవతల వైపు నుంచి పెళ్లికొడుకు నాయనమ్మ కేకేసింది.

"ఏయ్, బందు జెయ్యి అది."

వెళ్లి చూద్దును కదా, తెర మీద మానస నీడ పడి ఉంది. ముక్కు, బాసికం, ఊగుతున్న జుంకాలు, అన్నీ కత్తిరించి అతికించినట్టు. విక్రమ్ నోరు కొంచెం తెరుచుకుని ఆ నీడనే చూస్తున్నాడు.

"మూర్తం గాకముందే పిల్లను సూపెడ్తరా? ఇగ తెర ఎందుకు, తీసి అవతల పారేయున్రి" అంది ముసలమ్మ. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒకరితో ఒకరు గుసగుసలాడటం మొదలుపెట్టారు.

చెరువు గట్టు ఫోటోలను చుట్టపక్కాలందరికీ ఫోన్లో పంపింది ఈవిడేనని నాకు తెలుసు. మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది, తెర పట్టేది అందుకే. సురేందర్ కంగారుపడి లైటుని అవతలికి తీసుకెళ్లాడు. ఇప్పుడు విక్రమ్ నీడ మానస వైపు పడింది. ముసలమ్మ లేచి వెళ్లి, ఆ ట్యూబు లైటు లాక్కుని, ఆర్పమని ఇంకెవరికో ఇచ్చి ఆర్పించి, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సురేందర్ మండపం దిగిపోయాడు. అలిగాడో భయపడ్డాడో ఇప్పటికీ చెప్పడు.

లైటు పోయేసరికి మిగిలింది హాలువాళ్ల అలంకరణ దీపాలు. మండపం చుట్టూ అన్నీ ఆకుపచ్చవే కట్టారు. మానస మొహం, పట్టుచీర, పసుపు, అన్నీ ఆకుపచ్చగా అయిపోయాయి. "అమ్మా, ముహూర్తం దగ్గర పడింది, సిద్ధంగా ఉండండి" అన్నారు పురోహితుడు.

ఓదెలు కూతురి మొహం వైపు చూశాడు. స్తంభం పక్కనున్న సంచి వైపు చూశాడు.

"ఒద్దు" అంది సీతాబాయి, పెదవి కదపకుండా. "పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టినవ్."

"జిందగీల ఒక్కటే లగ్గం. పోరి పచ్చగుండుడేందే" అంటూ లేచాడు. ముడి బిగుసుకుంది. సీతాబాయి కూడా లేవక తప్పలేదు.

"ముడి విప్పకూడదండీ" అని పురోహితుడు వెనక నుంచి హెచ్చరించారు. ఇద్దరూ అలాగే మండపం చుట్టూ తిరిగి వచ్చారు, ముందు అతను, వెనక విసవిసలాడుతూ ఆవిడ. ఓదెలు సంచిలోంచి ప్యానల్ తీసి, నా వెనక, సరిగ్గా తెర అంచుకి ఎదురుగా నిలబడి, తల మీదికి ఎత్తి పట్టుకున్నాడు. వెలుతురు తెరకి రెండు పక్కలా సమంగా జారింది. గుడ్డ మీద ఎవరి నీడా లేదు. ముసలమ్మ వంగి తెరని పైనుంచి కిందికి తనిఖీ చేసి, "ఇప్పుడు మంచిగున్నది" అంది. మానస మొహంలోకి పసుపు రంగు తిరిగొచ్చింది. ఆ జనంలో స్టాండు నిలిపే చోటు లేదు, లైటు అందుకునే మనిషి లేడు. నా రెండు చేతుల్లోనూ కెమెరా ఉంది.

బాజాలు జోరందుకున్నాయి. ఒకరి నెత్తిన ఒకరు జీలకర్రా బెల్లం పెట్టారు. తెర దించారు. అక్షింతలు వానలా పడుతున్నాయి. విక్రమ్ కళ్లప్పగించి పెళ్లికూతుర్నే చూస్తున్నాడు. మానస అతన్ని చూడలేదు. తల్లీతండ్రీ కూర్చోవలసిన పీటల వైపు చూసింది. అవి ఖాళీగా ఉన్నాయి. ఆ చూపు అక్కడే కాసేపు ఆగిపోయింది. తర్వాత వెతుక్కుంటూ, జనం మీదుగా వచ్చి, లైటు మీద ఆగింది. కళ్లు చికిలించింది. ఆ వెలుగు వెనక ఎవరున్నారో ఆ పిల్లకి తెలుసు, కనిపించడమే లేదు.

నా ప్రాణం ఉసూరుమంది. అలాంటప్పుడు నేను ఏ పెళ్లికూతురికైనా చెప్పే మాట ఒకటే, అబ్బాయి వైపు చూడమ్మా అని. ఆ వేళ ఆ మాట పక్కన పెట్టి, కెమెరా కంటికి ఆనించుకుని నిలబడ్డాను.

అప్పుడు వెలుతురు కదిలింది. ముహూర్తం వేళ చీమ కుట్టినా కదలని లైటు అది. అలాంటిది ఓదెలు దాన్ని తల మీద నుంచి దించేశాడు. గుండెల దాకా దించి, అక్కడా ఆపకుండా, నేల వైపు తిప్పేశాడు. వెలుగంతా నా చెప్పుల్లేని కాళ్ల మీద పడింది. మానస మొహం మళ్లీ ఆకుపచ్చ నీడలోకి పోయింది. ఆ నీడలోనే ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. తండ్రి కనిపించాడు. అతని పక్కన ముడి పట్టుకుని నిలబడ్డ తల్లి కనిపించింది. నెత్తి మీది బెల్లం జారిపోతున్నా పట్టించుకోకుండా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నేను నొక్కాను. నా కళ్లు కూడా తడిగా ఉన్నాయి, ఫోకస్ కుదిరిందో లేదో చూసుకోలేదు.

"కరాబు జేసిన మేడం" అన్నాడు ఓదెలు నా వెనక నుంచి. "మూర్తం ఫోటో కరాబు జేసిన."

"నోరు మూసుకోండి ఓదెలుగారూ" అన్నాను.

సీతాబాయి అతని చేతిలోంచి లైటు తీసుకుంది. దాన్ని ఎటు పట్టుకోవాలో తెలియక కాసేపు తిప్పి చూసి, తెచ్చి నా చంకలో దోపింది. "ఇగ నడువు" అని ముడి పట్టి మొగుణ్ని లాక్కుపోయింది. ఒక చేత్తో కెమెరా, చంకలో లైటు పెట్టుకుని మిగతా పెళ్లంతా ఎలా తీశానో నన్నడక్కండి.

ఓదెలు పీట మీద కూర్చోకముందే కూతురి దగ్గర వంగాడు. "ఒట్టు తప్పిన బిడ్డా" అన్నాడు.

"కనపడ్డవ్ గద డాడీ" అంది మానస, అతని కండువాతో ముక్కు తుడుచుకుంటూ.

తలంబ్రాల పళ్లేలు వచ్చాయి. నా చంకలో లైటు జారిపోతూ ఒకసారి పైకప్పునీ, ఒకసారి పురోహితుడి బోడిగుండునీ వెలిగిస్తోంది. ఓదెలు అటు తిరిగి కూడా చూడలేదు. తలంబ్రాలు పోసుకుంటున్న కూతుర్నే చూస్తూ కూర్చున్నాడు.